లుబ్లియానాలో అమ్మతో నాలుగు రోజులు

అమ్మ రాజమండ్రి నుంచి మ్యూనిక్ వచ్చి నెల దాటింది. పిల్లలేమో పారిస్, రోమ్ అంటున్నారు. నాకు మాత్రం అమ్మ మోకాళ్ళే గుర్తొస్తున్నాయి. అర కిలోమీటరు నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. ఎక్కడికి తీసుకెళ్ళినా "నా వల్ల మీ అందరికీ ఇబ్బంది" అంటుంది. ఆ మాట అనాల్సిన అవసరం రాని ఊరు కావాలనుకున్నాను. అలా అనుకోగానే గుర్తొచ్చింది స్లొవేనియా రాజధాని లుబ్లియానా. కొన్నేళ్ళ క్రితం మా ఆయనతో వెళ్ళాను. ఈసారి అమ్మా నేనూ ఇద్దరమే, సెప్టెంబరులో.

మ్యూనిక్ నుంచి నేరుగా రైలుంది, ఆరు గంటల పైనే పడుతుంది. సాల్జ్‌బర్గ్ దాటాక దారంతా కొండలే, కిటికీ సీటు తప్పకుండా తీసుకోండి. ఇండియా నుంచి నేరుగా విమానం లేదు. యూరప్ తిరగడానికి వచ్చేవాళ్ళు వియన్నా నుంచి రైల్లోనో, వెనిస్ నుంచి బస్సులోనో రావచ్చు. చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా చాలు, డబ్బు యూరోలే. ఆ దేశాల మధ్య మామూలుగా తనిఖీ ఉండదు కదా అని పాస్‌పోర్టు పెట్టె అడుగున పెట్టకండి. తిరుగు ప్రయాణంలో పోలీసులు రైలెక్కి అడిగారు.

ముందు బస సంగతి చెప్తాను, ఎందుకంటే నేను పొరపాటు చేసింది అక్కడే. నది పక్కన, పాత ఊరి నడిబొడ్డున అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. ఫొటోలు బాగున్నాయి, వివరాల్లో లిఫ్ట్ ఉందని రాశారు. తీరా వెళ్తే లిఫ్ట్ లేదు. మూడో అంతస్తు, ఇరుకు రాతి మెట్లు. అమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైగా కింద బారు, అర్ధరాత్రి దాకా గోల. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి రైల్వే స్టేషన్ దగ్గర లిఫ్ట్, చిన్న వంటగది ఉన్న గదికి మారాం. మొదటి చోట మిగిలిన మూడు రాత్రుల డబ్బులో సగమే వెనక్కొచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్తే పాత ఊళ్ళో దిగాలన్న మోజు వదిలేయండి. స్టేషన్ నుంచి ఊరి మధ్యకి కిలోమీటరు ఉంటుందంతే. పాత భవనమే కావాలంటే లిఫ్ట్ ఉందా, ఎన్నో అంతస్తు అని మెసేజ్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే డబ్బు కట్టండి.

ఆ ఒక్క రాత్రి తప్పిస్తే ఊరు మమ్మల్ని ఎక్కడా కష్టపెట్టలేదు. జనాభా మూడు లక్షలకి అటూ ఇటూ, దాదాపు మా రాజమండ్రి అంత. మధ్యలో లుబ్లియానిత్సా నది. మన గోదావరి చూసిన కంటికి అది పెద్ద కాలువే, కానీ ఊరంతా దాని ఒడ్డునే కూర్చుని ఉంటుంది. నడిబొడ్డులో కార్లు తిరగనివ్వడం 2007 నుంచి మెల్లమెల్లగా ఆపేశారు. హారన్ లేదు, వెనకనుంచి బండి వస్తుందేమోనన్న టెన్షన్ లేదు. అమ్మ చెయ్యి పట్టుకోకుండా రోడ్డు మధ్యలో నడిచింది. నడవలేనివాళ్ళకి కావలీర్ అని చిన్న కరెంటు బళ్ళు ఉచితంగా తిప్పుతున్నారు. ఫోన్ చేస్తే వస్తాయి, దారిలో చెయ్యెత్తినా ఆగుతాయి. మేం రెండుసార్లు ఎక్కాం. డ్రైవరు దిగి, అమ్మ చెయ్యందుకుని కూర్చోబెట్టాడు. వీధుల్లో తాగునీటి కుళాయిలున్నాయి, సీసా పట్టుకెళ్తే నీళ్ళు కొనక్కర్లేదు.

ఈ ఊరిని ఇలా తీర్చిదిద్దినవాడు యోజె ప్లెచ్నిక్ అనే ఆర్కిటెక్టు. 1957లో పోయాడు. ఆయన కట్టినవాటిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు బాగా నచ్చింది ట్రోమొస్టోవ్యె, అంటే మూడు వంతెనలు. పాత రాతి వంతెన రద్దీకి చాలకపోతే దాన్ని పడగొట్టలేదు. 1930 ప్రాంతంలో అటొకటి ఇటొకటి నడిచేవాళ్ళ కోసం మరో రెండు వంతెనలు వేశాడు. ఇప్పుడు మూడింటి మీదా నడిచేవాళ్ళే. 1901 నాటి డ్రాగన్ వంతెన కూడా దగ్గర్లోనే ఉంది. ఫొటోలకి జనం అక్కడే మూగుతారు గానీ, దాని మీద వాహనాలు తిరుగుతాయి. పది నిమిషాలు చాలు.

శుక్రవారం పొద్దున నది పక్కన సెంట్రల్ మార్కెట్‌కి వెళ్ళాం. అక్కడ పాల మెషీన్ ఉంది. నాణెం వేసి సీసా పెడితే కాచని పచ్చి పాలు పడతాయి. అమ్మ ఒక చుక్క అరచేతిలో వేసుకుని, వేలితో రాసి చూసి, "నీళ్ళు కలపలేదే!" అంది. లీటరు పట్టుకొచ్చి, మారిన గదిలో కాచి, గోరువెచ్చగా అయ్యాక దుకాణంలో కొన్న పెరుగు ఒక చెంచా తోడేసి, గిన్నెకి నా స్వెట్టర్ చుట్టి పెట్టింది. తెల్లారేసరికి గడ్డ పెరుగు, పైన వేలెడు మీగడ. నెల రోజుల తర్వాత అమ్మ కడుపునిండా అన్నం తిన్నది ఆ రోజే.

శాకాహారులు భయపడక్కర్లేదు. "బ్రెజ్ మెసా" అంటే మాంసం లేకుండా అని, ఆ ఒక్క మాటతో నాలుగు రోజులు గడిపేశాం. మార్చి మధ్య నుంచి అక్టోబరు దాకా, వాన లేకపోతే, శుక్రవారాలు మార్కెట్ పక్కన ఓద్‌ప్ర్తా కుహ్నా అని తిండి సంత పెడతారు. అక్కడ ష్ట్రుక్లి తిన్నాం. పల్చటి పిండి చుట్టలో మెత్తటి జున్నులాంటిది పెట్టి ఉడికిస్తారు, పైన వెన్నలో వేపిన బ్రెడ్ పొడి. "కుడుమే ఇది, కాస్త కారం పడాలి" అని సంచిలోంచి కందిపొడి తీసింది అమ్మ. వాల్‌నట్స్‌తో చేసే తియ్యటి రకం ఇంకా బాగుంది. సాయంత్రం నది ఒడ్డు రెస్టారెంట్లలో బిల్లు ఎక్కువే. కాఫీ తాగి, భోజనానికి వెనక సందుల్లోకి వెళ్ళండి.

కాఫీ అంటే గుర్తొచ్చింది. అమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు, సంస్కృతం చెప్పింది. రెండో రోజు కాఫీ షాపులో అమ్మాయి మా ఆర్డరు తిరిగి చెప్తూ "ద్వె కావి" అంది. అమ్మ తల ఎత్తింది. "ద్వే అందా? సంస్కృతంలో స్త్రీలింగంలో రెండుని అలాగే అంటాం కదే!" అడిగితే ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ భాషలో ఒకటికి ఒక రూపం, ఇద్దరికి ఇంకోటి, ముగ్గురి నుంచి మరోటి. కాఫీ ఒకటైతే కావా, రెండైతే కావి. ఆడవాళ్ళం మనమిద్దరం అనడానికి మిద్వె. "రామః, రామౌ, రామాః" అని అమ్మ అక్కడే మొదలుపెట్టింది. ఆ పిల్లకి అర్థం కాకపోయినా నవ్వుతూ నిలబడి వింది. ఆ తర్వాత రోజూ కాఫీ ఆర్డరు అమ్మదే. "ద్వె కావి, ప్రోసిమ్." నా దగ్గర పర్సు కూడా లాక్కుని తనే ఇచ్చేది.

ఊళ్ళో కొండ మీదున్న కోటకి అద్దాల ఫ్యునిక్యులర్, అంటే తీగతో పైకి లాగే రైలు ఉంది, నిమిషంలో పైకి చేరుస్తుంది. కోట ఆవరణలోకి ఉచితమే, బురుజు ఎక్కడానికే టికెట్. లోపల మ్యూజియంలు మాకు అంతగా పట్టలేదు. పడవ షికారు ఎక్కినా నష్టం లేదు, ఎక్కకపోయినా లేదు. పడవలోంచి కనిపించేదంతా ఒడ్డున నడుస్తూ చూడొచ్చు.

బయటికి ఒక్క రోజే ఉంటే బ్లెడ్ సరస్సా, పోస్తోయ్నా గుహలా? మా ఆయనతో బ్లెడ్ చూశాను, అందానికి వంక పెట్టలేం. కానీ ద్వీపంలో చర్చికి 99 మెట్లు. అమ్మతో పోస్తోయ్నాకే వెళ్ళాను, బస్సులో గంట ప్రయాణం. గుహలోకి చిన్న రైలే తీసుకెళ్తుంది. 1872 నుంచే లోపల పట్టాలున్నాయట. రైలు దిగాక కిలోమీటరున్నర ఏటవాలు బాట, మెల్లగా నడిస్తే ఫర్వాలేదు. లోపల ఏడాది పొడుగునా 10 డిగ్రీలే, శాలువా తీసుకెళ్ళండి. చీకట్లో బతికే చూపు లేని జీవి ఒకటి అక్కడి తొట్టెలో ఉంది. చర్మం తెల్లవాళ్ళ చర్మం రంగులో ఉంటుందని దాన్ని మనిషి చేప అంటారు. ఏళ్ళ తరబడి తిండి లేకుండా ఉండగలదట. అమ్మ ఆ గాజు ముందు నుంచి కదల్లేదు. "పాపం, ఉపవాసమే దాని బతుకు" అంది.

ఆదివారం మార్కెట్, సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి. కావలసినవి శనివారమే కొనిపెట్టుకోండి. మాకు ఆ ఆదివారమే అన్నిటికంటే బాగా గడిచింది. మధ్య ఊరి నుంచి నది వెంట దక్షిణంగా కాస్త నడిస్తే ట్రనోవో వస్తుంది. అక్కడ ప్లెచ్నిక్ ఒడ్డు పొడవునా వెడల్పాటి రాతి మెట్లు కట్టించాడు. పైన విల్లో చెట్ల నీడ, కింద కదలని పచ్చటి నీళ్ళు. టికెట్ లేదు, గైడు లేడు, జనం పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు.

అమ్మ ఆగిపోయింది. "రేవు!" అంది.

చెప్పులు విప్పి, నన్ను పట్టుకోనివ్వకుండా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. నీళ్ళకి దగ్గరగా కూర్చుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పుష్కరాల రేవులో తాతయ్య తనకి ఈత నేర్పిన సంగతి మొదలుపెట్టింది. నలభై ఏళ్ళొచ్చాయి నాకు, ఆ సంగతి ఎప్పుడూ వినలేదు. రెండు గంటలు అక్కడే ఉన్నాం. లేచేటప్పుడు మాత్రం చెయ్యి అందించమంది.