పాత పద్మినికి బీమా: ప్రీమియం కన్నా ఐడీవీ చూసుకోవాలి

నా దగ్గర ఉన్నది 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు. తాతయ్య కాలం చేశాక నాన్న, అత్తయ్య అంగీకార పత్రాలు ఇవ్వడంతో ఆర్సీ నా పేరు మీదికి మారింది. అప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఆనాటి నుంచి విజయవాడలోని ఒకే బీమా సంస్థలో ప్యాకేజీ పాలసీ, అంటే ఇతరులకు జరిగే నష్టానికీ సొంత కారుకు జరిగే నష్టానికీ కలిపి ఇచ్చే బీమా, కడుతూ వస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను బాగా బాధపెట్టింది ఐడీవీయే, ఈమధ్య కాస్త ఊరట కలిగించిందీ అదే. కారు పూర్తిగా పోతే సంస్థ చెల్లించడానికి ఒప్పుకుని పాలసీలో రాసే విలువనే ఐడీవీ అంటారు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

వయసు సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే నా ఈడువాళ్లు మొదట అడిగేది అదే. బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు ఒక పాత మోరిస్ మైనర్ కొనాలని చూసినప్పుడు, అక్కడి క్లాసిక్ కార్ల బీమా సంస్థలలో చాలా వరకు ఇరవై అయిదేళ్లు నిండనివారికి పాలసీ ఇవ్వడానికే వెనకాడాయి. మన దగ్గర ప్రీమియం ప్రధానంగా బండిని బట్టి, అంటే ఇంజను సీసీ, బండి వయసు, రిజిస్ట్రేషన్ ప్రాంతం, ఐడీవీలను బట్టి నిర్ణయమవుతుంది. నడిపేవాడి వయసు అందులో పెద్దగా లెక్కకు రాదు. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటే చాలు, నాకూ తాతయ్యకూ థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది, ఒక్కటే. నా కారు 1089 సీసీ కనుక, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జీఎస్టీ కాక 3,416 రూపాయలు కడుతున్నాను. మొదటి ఏడాది ఇది చూసి నిజంగా సంతోషించాను.

అయితే ఆ సంతోషానికి ఒక మినహాయింపు చెప్పుకోవాలి. తాతయ్య ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమూ చేయకుండా 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత నష్టం ప్రీమియంలో రాయితీ, సంపాదించుకున్నారు. పాలసీదారు మరణిస్తే ఆ బోనస్ భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో బదిలీ అవుతుంది కానీ మనవడికి రాదు. వయసు అడగని విధానమే అయినా, కుర్రవాడు సున్నా నుంచి మొదలుపెట్టక తప్పదు.

ఇక ఐడీవీ. కొత్త కార్లకు దీన్ని లెక్కగట్టే పట్టిక ఉంది, నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య వయసున్న కారుకు 50 శాతం తరుగు తీసేస్తారు. అయిదేళ్లు దాటిన బండికైనా, తయారీ ఆగిపోయిన మోడలుకైనా విలువను సంస్థా యజమానీ కలిసి ఒప్పుకోవాలి. ఈ మాట కాగితం మీద ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. ఆచరణలో ఏజెంటు పోయినేడాది అంకె చూసి కాస్త తగ్గించి రాస్తాడు, యజమాని సంతకం పెడతాడు. తాతయ్య చివరి పాలసీలో ఐడీవీ 40,000 రూపాయలు ఉండగా, బండ్ల మరమ్మతు షెడ్లుండే ఆటోనగర్‌లో టింకరింగు, పెయింటింగు, సీట్ల పనికి లక్షన్నరకు పైగా ఖర్చుపెట్టిన తరువాత కూడా నేను దాన్ని 60,000 దాకా మాత్రమే తీసుకురాగలిగాను. ముందే విలువ ఒప్పుకుని, నష్టం జరిగితే తరుగు మాట లేకుండా అంతా చెల్లించే పాలసీని మన మోటార్ టారిఫ్ (వాహన బీమా నిబంధనల పుస్తకం) వింటేజ్ కార్లకు మాత్రమే అనుమతించింది. వింటేజ్ అంటే అక్కడ 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరణ ఉన్నవి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి, అలా నమోదైన కార్లకే థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం రాయితీ. నలభై ఏళ్లు దాటి యాభై నిండని పద్మినికి ఆ రెండు గుమ్మాలూ మూసే ఉన్నాయి.

ఆ 60,000 ఎంత తక్కువో నాకు బుడమేరు వాగు వరద నేర్పింది. 2024 సెప్టెంబరు 1న అజిత్ సింగ్ నగర్ మునిగినప్పుడు కారు మా వాకిట్లోనే ఉంది. నీళ్లు స్టీరింగు దాకా వచ్చి రోజుల తరబడి తీయలేదు. మా మేస్త్రీ గారికి ఫోన్ చేస్తే, “తాళం తిప్పొద్దు బాబూ, ముందు బ్యాటరీ తీగ పీకెయ్, బండిని తాడు కట్టి తీసుకొచ్చెయ్” అన్నారు. మునిగిన ఇంజనును స్టార్ట్ చేయడం వల్ల జరిగే నష్టానికి సంస్థలు క్లెయిము ఇవ్వడానికి ఒప్పుకోవు కనుక, ఆ ఒక్క సలహా నా క్లెయిమును కాపాడింది. ఆటోనగర్‌లో స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే సిలిండర్లలో బురద నీరు ఉంది. ఇంజను ఆయిలు కాఫీ రంగులో వచ్చింది. వైరింగు మొత్తం, స్టార్టర్ మోటారు, డైనమో, క్లచ్ ప్లేటు, బ్రేకు సిలిండర్లు, సీట్లు అన్నీ కలిపి సామాన్లకు 50,000, కూలికి 42,000 అంచనా వేశారు.

పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల మీద 50 శాతం తరుగు తీస్తారు, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకు వయసుతో నిమిత్తం లేకుండా సగమే ఇస్తారు. కూలికి మాత్రం తరుగు ఉండదు. ఆ లెక్కన సంస్థ భరించవలసింది 67,000 అయింది. ఈ అంకె ఐడీవీలో 75 శాతం, అంటే నా విషయంలో 45,000 దాటితే మరమ్మతు చేయించరు, కారు పూర్తిగా పోయినట్టే లెక్క. కార్యాలయం నుంచి వచ్చిన మొదటి ప్రతిపాదన అదే: 60,000లో తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో యజమానే భరించవలసిన 1,000 పోగా మిగతాది తీసుకుని, కారును అప్పగించి, ఆర్సీ రద్దు చేయించుకోవాలి. నెల రోజుల పనితో రోడ్డెక్కగల బండిని, ఐడీవీ తక్కువ రాసిన కారణంగా తుక్కు కింద జమకట్టడం నాకు ఎంతమాత్రం మింగుడుపడలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది నష్టాన్ని అంచనా వేయడానికి సంస్థ పంపిన సర్వేయర్ గారు. ఆ రోజుల్లో వరద క్లెయిములు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అయినా ఆయన షెడ్డుకు స్వయంగా వచ్చి, కిరసనాయిలు గుడ్డతో ఛాసిస్ నంబరు మీద బురద తుడిచి, కాగితం అద్ది పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. తరువాత నా వైపు తిరిగి, “తుక్కుకు ఇచ్చేద్దామా, నడుపుకుంటావా?” అని అడిగారు. “నడుపుకుంటానండీ” అన్నాను. అయితే సీట్లు, లోపలి లైనింగు, మరి కొన్ని సామాన్ల ఖర్చు నేనే పెట్టుకుంటానని రాసిస్తే, మిగిలిన పనిని 75 శాతం లోపు మరమ్మతుగా చూపించవచ్చని వివరించారు. ఆ ప్రకారం రాసిచ్చాను. జీఎస్టీ బిల్లు ఉన్న సామాన్లనే లెక్కలోకి తీసుకున్నారు. పాత సామాన్ల దుకాణాల్లో తెల్ల చీటీ మీద రాసిచ్చినవేవీ చెల్లలేదు. పద్మిని తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది కనుక సగం సామాన్లు ఆ తెల్ల చీటీల మీదే దొరుకుతాయి. చివరికి నా చేతికి వచ్చింది 41,000 చిల్లర, మిగతాది నేను పెట్టుకున్నాను.

తరువాతి రెన్యూవల్‌కు ఏజెంటును పక్కన పెట్టి నేరుగా డివిజనల్ కార్యాలయానికి వెళ్లాను. లైసెన్సున్న వాల్యుయర్ ఇచ్చిన విలువ ధ్రువపత్రం, మరమ్మతు బిల్లులు, నాలుగు వైపులా తీసిన ఫొటోలు, మీటరు ఫొటో జతచేశాను. పైకార్యాలయం అనుమతి రావడానికి వారాలు పట్టింది కానీ ఐడీవీ 2,00,000కు ఒప్పుకున్నారు. సొంత నష్టం ప్రీమియం ఆ మేరకు పెరిగింది, అది నాకు సమ్మతమే. ఇప్పుడు 75 శాతం గీత లక్షన్నర దగ్గర ఉంది కనుక, అలాంటి నష్టమే మళ్లీ జరిగినా కారు మరమ్మతుకే వెళ్తుంది. సామాన్ల మీద సగం తరుగు మాత్రం అలాగే ఉంది. ఆ తరుగు తీయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ జోడింపు ఇంత పాత బండ్లకు సాధారణంగా ఇవ్వరు.

ఈ పాలసీని అందరికీ సిఫారసు చేయలేను. నాకు ఆటోనగర్ దగ్గర, తెలిసిన మేస్త్రీ ఉన్నారు, కార్యాలయం చుట్టూ తిరగడానికి తీరిక ఉంది, కారు మునిగే పేటలో ఉంటున్నాను. ఎత్తైన చోట షెడ్డులో పెట్టి ఆదివారాలు మాత్రమే తీసేవారికి థర్డ్ పార్టీ ఒక్కటే సరిపోవచ్చు. 1970ల తొలినాళ్ల కారు ఉన్నవారు ముందు వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోవడం మేలు, అయితే ఆ నంబరు మీద కారును రోజువారీ పనులకు తిప్పడానికి వీలుండదు. ప్యాకేజీ పాలసీయే తీసుకుంటే, ఐడీవీ గడిలో అంకె వేయకముందే వాల్యుయర్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి.