తక్కువకు వస్తోందని స్ట్రాటజీ గేమ్ బేస్ వెర్షన్ కొనేముందు ఇది చదవండి

ప్రాచీన సామ్రాజ్యాల స్ట్రాటజీ గేమ్ ఏదైనా ఆఫర్‌లో కనబడి కొనేద్దాం అనుకుంటుంటే ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగలేదు, డబ్బు పోయింది. గేమ్ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేది అదొక్కటే కాదు కాబట్టి, ఏం చూసుకోవాలో తెలిస్తే దేనికైనా పనికొస్తుంది.

మొదటి రెండు గంటలు చాలా బాగుంది, అబద్ధం చెప్పను. పక్క రాజ్యాలు బలహీనంగా ఉంటాయి, యుద్ధాలు గెలుస్తాం, ఖజానా నిండుతుంది, మ్యాప్ మీద మన రంగు పాకుతూ పోతుంది. అసలు సంగతి 18వ గంటలో బయటపడింది. 22 ప్రావిన్సులు దాటాక స్థిరత్వం మీటర్ నెలకో గీత చొప్పున కిందికి జారడం మొదలైంది. పన్నులు తగ్గించాను, యుద్ధాలు పూర్తిగా మానేశాను. అయినా ఆగలేదు. తూర్పున ఒక తిరుగుబాటు అణిచి సైన్యం వెనక్కి వచ్చేలోపు పడమట రెండు లేచేవి.

అప్పుడు రోమ్ చరిత్ర గుర్తొచ్చింది. ట్రాజన్ చక్రవర్తి క్రీ.శ. 116 నాటికి మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) దాకా గెలుచుకుంటూ పోయాడు. 117లో గద్దెనెక్కిన హాడ్రియన్ దాన్ని పట్టుకుని వేలాడకుండా వదిలేసి, సరిహద్దును వెనక్కి జరిపాడు. నేనూ అదే చేద్దామని, దూరపు ప్రావిన్సులను సామంతులకు అప్పగించే మెనూ తెరిచాను. బటన్ ఉంది, కానీ బూడిద రంగులో. దాని పక్కన చిన్న తాళం గుర్తు. నొక్కితే డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా డబ్బు పెట్టి కొనుక్కునే అదనపు భాగం) కొనమంటూ స్టోర్ పేజీ తెరుచుకుంది! గవర్నర్‌ను మార్చాలన్నా, స్థానిక మతాలకు రాయితీ ఇవ్వాలన్నా అదే తాళం. రాజ్యాన్ని పెంచే పనిముట్లన్నీ బేస్ గేమ్‌లో పెట్టి, నిలబెట్టేవి మాత్రం విడిగా అమ్ముతున్నారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

ఆట కష్టంగా ఉందని నా ఫిర్యాదు కాదు. విస్తరిస్తే దానికి తగ్గ భారం మోయాల్సిందే, ఈ తరహా ఆటల్లో మజా అంతా ఆ టెన్షన్‌లోనే ఉంది. యూరోపా యూనివర్సాలిస్ 4 చూడండి. ఓవర్‌ఎక్స్‌టెన్షన్ (గెలిచినా ఇంకా పూర్తిగా కలుపుకోని ప్రాంతాల భారం) 100 శాతం దాటితే రాజ్యంలో గొడవలు మీద పడతాయి. కానీ ఆ శాతం ఎంతవుతుందో సంధి కుదుర్చుకునేటప్పుడే కనబడుతుంది, గెలిచిన ప్రాంతాలను కోర్ చేసుకుంటే, అంటే పూర్తిగా రాజ్యంలో కలుపుకుంటే, తగ్గుతుంది. ఓడిపోయినా, ఎక్కడ అత్యాశ పడ్డామో మనకు తెలుస్తుంది.

రీఫండ్ సంగతి కూడా గుర్తుంచుకోండి. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో మామూలుగా కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటేనే డబ్బు వెనక్కి వస్తుంది. నా విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

కాబట్టి కొనేముందు డీఎల్‌సీ పేజీలన్నీ తెరిచి చదవండి. సామంతులు, గవర్నర్లు, తిరుగుబాట్లు అనే మాటలు అక్కడ కనబడితే బేస్ గేమ్‌లో అవి లేవేమోనని అనుమానించండి. రివ్యూల్లో 30 గంటలకు పైన ఆడినవాళ్లవి వెతకండి, మొదటి రోజు మెచ్చుకోళ్లతో మనకు పనిలేదు. ఇప్పటికే కొనేసి ఉంటే ట్యుటోరియల్ పక్కన పెట్టి, ఆలస్యంగా మొదలయ్యే సినారియోలో అప్పటికే బాగా పెద్దదైన సామ్రాజ్యాన్ని తీసుకుని, వేగం పెంచి ఓ 30 ఏళ్లు నడపండి. తాళాలు ఎక్కడెక్కడున్నాయో గంటలో తేలిపోతుంది. అన్నట్టు, గేమ్ తెరిచి అలా వదిలేసి భోజనానికి వెళ్లినా ఆ సమయం 2 గంటల లెక్కలో పడుతుంది, మూసేసి వెళ్లండి.