కణాస్థిపంజరం మోడల్ కిట్: క్లాసులో వాడి చూశాక నా మాట

ఈ కిట్‌ని కడపలో ఏడురోడ్ల దగ్గర ల్యాబ్ సామాన్లు అమ్మే అంగడిలో కొన్నాను. ధర 1,850 రూపాయలు. నేను ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్తాను. మైటోకాండ్రియాకి, కేంద్రకానికి బొమ్మలు బోలెడు దొరుకుతాయి గానీ కణాస్థిపంజరాన్ని, అంటే కణానికి ఆకారం ఇచ్చే ప్రోటీన్ పోగుల అల్లికని, చేత్తో పట్టుకుని చూపించడానికి నాకు ఇంతవరకు ఏదీ దొరకలేదు. "విప్పి చూసుకోండి మేడం, పూస తక్కువుంటే ఇప్పుడే మార్చిస్తా" అని అంగడాయన బల్ల మీద పరిచి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ ఓపిక నాకు నచ్చింది.

కిట్‌లో అసలు విలువైనది సూక్ష్మనాళికల భాగం. ఇవి ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన సన్నని గొట్టాలు. ఆల్ఫా ట్యూబ్యులిన్‌కి నీలం పూస, బీటాకి పసుపు పూస. జతలు జతలుగా ఒక వరుస గుచ్చి, అలాంటి 13 వరుసల్ని పక్కపక్కన చేర్చి చాప చుట్టినట్టు చుడితే బోలు గొట్టం తయారవుతుంది. ఒక కొసన అన్నీ నీలం, రెండో కొసన అన్నీ పసుపు. పెరగడం, తరగడం చురుగ్గా జరిగే ప్లస్ కొస ఆ పసుపు వైపే. నిజం కణంలో ఒక జత పొడవు 8 నానోమీటర్లు. ఒక మైక్రోమీటరు (వెయ్యి నానోమీటర్లు) గొట్టానికి ఎన్ని జతలు కావాలో లెక్క వేయమంటే, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి అందరికంటే ముందు 1,625 అని చెప్పింది.

బీటా పూసల మీద తీసి పెట్టే ఎర్ర బిళ్ళలు, కణంలో ట్యూబ్యులిన్‌ని అంటుకుని ఉండే జీటీపీ అనే శక్తి అణువుకి గుర్తు. కొసన అవి ఉన్నంతసేపు గొట్టం నిలబడుతుంది, తీసేస్తే వరుసలు బయటికి వంగి విడిపోతాయి. పెరుగుతున్న గొట్టం ఉన్నట్టుండి కూలిపోవడం, మళ్ళీ పెరగడం అనే ఈ సంగతిని 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. కణ విభజనలో క్రోమోసోములు ధ్రువాల వైపు ఎలా జరుగుతాయో చెప్పడం దీంతో చాలా తేలికైంది. గొట్టం తరుగుతుంటే, దాని కొసను పట్టుకున్న క్రోమోసోము కూడా వెంట వస్తుంది. మా కాలేజీ గోడ పక్కన బిళ్ళగన్నేరు మొక్కలున్నాయి. వాటి నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ట్యూబ్యులిన్‌ని పట్టుకుని గొట్టాలు కట్టనివ్వదు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే మందుల్లో అదొకటి. పూసల డబ్బాకి మూత పెట్టి "ఇప్పుడు కట్టండి చూద్దాం" అన్నాను. ఇంకేం చెప్పే అవసరం రాలేదు.

కణాస్థిపంజరంలో రెండో రకం పోగు, ఆక్టిన్ అనే ప్రోటీన్‌ది. దాని పూసలు కూడా బాగున్నాయి. రెండు పేటలు మెలి తిరిగి ఉంటాయి, కండరాల పాఠంలో మళ్ళీ పనికొస్తాయి.

మూడో రకం పోగులైన మధ్యస్థ తంతువుల దగ్గరికి వచ్చేసరికి నిజంగా బాధేసింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు ముక్క ఒకటి పెట్టి వదిలేశారు. ఈ తంతువులు ఎన్నో పోగులు కలిపి పేనినవి, లాగినా అంత సులువుగా తెగవు. వెంట్రుకల్లో, గోళ్ళలో ఉండే కెరాటిన్ ఈ జాతిదే. చర్మం కణాల్లో కెరాటిన్ జన్యువు చెడితే కాస్త రాపిడికే బొబ్బలొచ్చే జబ్బు వస్తుంది. కేంద్రకం పొరకు లోపలి వైపు ఆనుకుని ఉండే లామిన్లు కూడా ఈ జాతివే, వాటి ఊసే కిట్‌తో వచ్చిన కరపత్రంలో లేదు. కనీసం పేనుకోవడానికి నాలుగు దారాలు ఇచ్చి ఉండాల్సింది. నేను పురికొస పేని చూపిస్తున్నాను. గొట్టాల మీద సరుకు మోసే ప్రోటీన్లు కైనెసిన్, డైనీన్ కూడా కిట్‌లో లేవు.

ఇంకొకటి, కొలతలు. గొట్టం మందం 25 మిల్లీమీటర్లు, ఆక్టిన్ 7, ఆకుపచ్చ వైరు 10. అసలు మందాలు 25, 7, 10 నానోమీటర్లు కాబట్టి వీటి మధ్య నిష్పత్తి సరిగ్గా ఉంది, మెచ్చుకోవాలి. కానీ వీటిని అమర్చడానికిచ్చిన 40 సెంటీమీటర్ల ట్రే మీద 'కణం' అని రాశారు. ఇదే లెక్కన 15 మైక్రోమీటర్ల కణం 15 మీటర్లు ఉండాలి, మా క్లాసు గదిలో పట్టదు. ట్రేని పక్కన పెట్టి తంతువుల్నే చూపించండి.

5కి 4 ఇస్తాను. ఇంటర్, డిగ్రీ టీచర్లు ధైర్యంగా కొనొచ్చు. ఎర్ర బిళ్ళలు మరీ చిన్నవి, పిల్లల చేతుల్లో త్వరగా పోతాయి. అదే అంగడిలో విడి ప్యాకెట్ 60 రూపాయలు, కిట్‌తో పాటే ఒకటి తీసుకోండి.