"కొరమీను స్పెషల్" కాంబో సెట్ యాడ్ చూసి డబ్బులు పంపేముందు ఇది చదవండి

లూర్ ఫిషింగ్‌లోకి, అంటే నకిలీ ఎరతో చేపలు పట్టడంలోకి, కొత్తగా దిగుతున్న తమ్ముళ్ళ కోసం ముఖ్యంగా రాస్తున్నాను. రాడ్, రీల్, లైన్, ఐదు రబ్బరు కప్పలు, బ్యాగు, అన్నీ కలిపి 2,499 మాత్రమే అంటూ ఇన్‌స్టాలో ఒక యాడ్ తెగ తిరుగుతోంది కదా, అది తెప్పించాను. పేజీ పేరు రాయను, రాసినా లాభం లేదు. నేను ఆర్డర్ పెట్టినప్పుడు ఒక పేరుంది, ఇప్పుడు అదే వీడియోతో ఇంకో పేరు కనిపిస్తోంది.

అసలు ఆ వీడియోనే సరిగ్గా చూడండి. పడవ మీద నిలబడి పట్టింది అమెరికా బాస్ చేప. పొట్టిగా, వెడల్పుగా, గుహ లాంటి నోటితో ఉంటుంది. మన కొరమీను పొడుగ్గా, పాము తలతో ఉంటుందని చెరువు గట్టున తిరిగే ఏ పిల్లాడినడిగినా చెప్తాడు. వీడు మాత్రం కింద "కొరమీను స్పెషల్" అని రాసుకున్నాడు! కప్ప లూర్లు అక్కడ బాస్ కోసం వచ్చినవే, ఆ మాట నిజమే. అదీ తామరాకుల కింద నక్కి ఉండి పైకొచ్చి కొట్టే చేప కాబట్టే మన కొరమీనుకీ అవి బాగా పనికొస్తాయి. కానీ వీడియోలో వాళ్ళ చేతిలో ఉన్న రాడ్ వేరు, మనకొచ్చేది వేరు.

అన్నిటికంటే ఘోరం లైన్. డబ్బా మీద ఎనిమిది పోగుల బ్రెయిడ్ (పోగులు జడలా అల్లిన దారం), 40 పౌండ్లు అని ఉంది. అంటే దాదాపు 18 కేజీల బరువు ఆపాలి. ఇంట్లోనే చూసుకోవచ్చు, లీటరు నీళ్ళు కేజీ బరువు కాబట్టి బకెట్‌లో కొలిచి నీళ్ళు పోసి, లైన్ కట్టి, జర్క్ ఇవ్వకుండా మెల్లగా ఎత్తాలి. లైన్ చేతికి చుట్టుకోవద్దు, కోసేస్తుంది, కర్రకి చుట్టండి. సగం బకెట్ కూడా లేవలేదు, పుటుక్కున తెగింది. అదీ ముడి దగ్గర కాదు, నడి మధ్యలో. ముడి దగ్గర తెగితే మన ముడి సరిగ్గా పడలేదేమో అనుకోవచ్చు, మధ్యలో తెగితే దారమే డొల్ల. తెగిన కొసని సూదితో విడదీసి చూస్తే నాలుగే పోగులున్నాయి. రంగు చేతికి అంటింది కానీ దాన్ని నేను పెద్ద లెక్కలోకి తీసుకోను, మంచి బ్రెయిడ్ కూడా కొన్నాళ్ళకి వెలిసిపోతుంది.

ఈ లైన్‌తో కొరమీను మీదికి వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? కప్పని అందుకున్న మరుక్షణం గుర్రపు డెక్కలోకి దూరుతుంది, ఆడించి అలసిపోయేదాకా ఆగే టైమ్ ఉండదు, అప్పటికప్పుడు గట్టిగా లాగాల్సిందే. తెగిందంటే చేప నోట్లో రెండు హుక్కులు గుచ్చుకుని ఉండిపోతాయి.

రీల్ మీద పేరు పేరున్న జపాన్ కంపెనీదే అనిపిస్తుంది, దగ్గరగా చూస్తే ఒక అక్షరం తేడా. 12+1 బేరింగులు అని గొప్పగా ముద్రించాడు, ఆ అంకెకి పడిపోకండి, నాసిరకం బేరింగులు డజను కన్నా మంచివి నాలుగు నయం. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్ జారకుండా పట్టి ఉంచే రీల్ బ్రేక్, పూర్తిగా బిగించి లగేజీ తూచే కాటాకి తగిలించి లాగితే మూడు కేజీలు దాటకుండానే లైన్ జారిపోయింది. రాడ్ కార్బన్ అన్నాడు, బరువు చూస్తే ఫైబర్ గ్లాసే. కొనలో ఉన్న గైడ్ (లైన్ దూరి వెళ్ళే రింగు) లోపల ఇయర్‌బడ్ తిప్పితే దూది పోగులు చిక్కుకున్నాయి, అంటే లోపలి పింగాణీ రింగు పగిలి ఉంది. అలాంటి గైడ్ మంచి లైన్‌ని కూడా కోసేస్తుంది.

ఇక రిఫండ్ నాటకం. రెండు రోజులు మెసేజ్‌కి జవాబు లేదు, తర్వాత ఎంతో మర్యాదగా "సార్, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ డబ్బులు వచ్చేస్తాయి" అన్నాడు. డబ్బులు రావడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు, పిన్ కొడితే మన ఖాతాలోంచి పోతాయి. కొట్టనని చెప్పగానే బ్లాక్ చేశాడు.

మీరు ఎక్కడ కొన్నా డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉందో లేదో చూడండి, విదేశీ సరుకుకి అది తప్పనిసరి. నాకొచ్చిన డబ్బా మీద అలాంటిదేమీ లేదు. అడ్వాన్స్ ఎవరిదో ప్రైవేట్ నంబర్‌కి పంపమంటే అక్కడితో ఆపేయండి. పార్సిల్ విప్పేటప్పుడు కొరియర్ లేబుల్ కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. సరుకు మోసానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, పిన్ కొట్టి డబ్బులు పోయినవాళ్ళు మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

నేను 1915లో కంప్లైంట్ పెట్టాను, ఏమైందో తేలాక రాస్తాను. ఇదే సెట్ ఎవరికైనా వచ్చి ఉంటే రీల్ కింది లేబుల్ ఫోటో తీసి పెట్టండి, కొరియర్ కవర్ మీద మీ అడ్రస్, ఫోన్ నంబర్ మాత్రం చెరిపేసి పెట్టండి.