ఫాంటసీ కామిక్ బొమ్మల గేమ్‌కు ముందే డబ్బు కట్టేవాళ్లకు జాగ్రత్త: మా 16,000 ఎలా పోయాయంటే

హన్మకొండ, వరంగల్, కాజీపేట వైపు మినియేచర్ గేములు, అంటే చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే గేములు ఆడేవాళ్లు, కొత్తగా కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఒక ఫాంటసీ కామిక్ సిరీస్‌ను సేకరించుకునే బొమ్మల గేమ్‌గా మార్చామని చెప్పి, ఒక సంస్థ మా ఐదుగురి దగ్గర 16,000 రూపాయలు ముందే కట్టించుకుంది. పద్నాలుగు నెలలకు పెట్టె వచ్చింది. అందులో బొమ్మలున్నాయి, గేమ్ లేదు. ఇప్పుడు అదే సంస్థ రెండో విడత బుకింగ్ తెరిచింది. నాలుగు రోజుల కింద మాతో ఆడే ఒక కాలేజీ తమ్ముడు "అన్నా, నేను బుక్ చేస్తున్నా, మీక్కూడా చెయ్యాల్నా" అని లింకు పంపాడు. అది చూసి ఇక ఆగలేక రాస్తున్నాను. మా ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ ముందు ఉంది కాబట్టి సంస్థ పేరు, కామిక్ పేరు రాయడం లేదు. నేను చెప్పే గుర్తులు తెలిస్తే ఇలాంటి సరుకును ఎవరి దగ్గరున్నా పట్టుకోవచ్చు.

మేము ఎందుకు నమ్మామో ముందు చెప్పాలి. ఆ కామిక్ మాకు ప్రాణం. అందులో నాయిక మంత్రం వాడిన ప్రతిసారీ ఒంట్లో బలం కొంత పోతుంది. బలం పోయేకొద్దీ కోపం పెరుగుతుంది. కథ చివరికి వచ్చేసరికి నిలబడలేని స్థితిలో ఉంటుంది, కానీ ఆమె దెబ్బకు కోట గోడ కూలుతుంది. ఇలాంటి పాత్రను బల్ల మీదికి తేవడానికి తిరిగే డయల్‌ను మించిన పద్ధతి నాకు తెలియదు. 2000లో విజ్‌కిడ్స్ అనే అమెరికా కంపెనీ మేజ్ నైట్ గేమ్‌తో ఈ పద్ధతి తెచ్చింది. బొమ్మ నిలబడే బేస్ లోపల ఒక చక్రం ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా ఎంత నష్టమైతే అన్ని క్లిక్‌లు చక్రాన్ని తిప్పాలి. చిన్న కిటికీలోంచి కొత్త అంకెలు కనిపిస్తాయి: ఎంత దూరం నడవగలదు, ఎంత గట్టిగా కొట్టగలదు, ఎంత కాచుకోగలదు. కాగితం, పెన్సిల్ అక్కర్లేదు. 2002లో అదే కంపెనీ హీరోక్లిక్స్‌తో మార్వెల్, డీసీ కామిక్స్ వీరులను ఇదే డయల్ మీద నిలబెట్టింది. కొన్ని పాత్రలు దెబ్బ తింటూ నీరసపడతాయి, కొన్ని దెబ్బ తిన్నాకే రెచ్చిపోతాయి. అంటే పాత్ర స్వభావమంతా ఆ చక్రం మీద అంకెలుగా రాసి ఉంటుంది. కామిక్‌ను గేమ్‌గా మార్చడమంటే అసలు పని అదే. బొమ్మకు ముఖం పోలిస్తే సరిపోదు.

మా నాయికకు కూడా అలాంటి డయల్ ఉంటుందని వాళ్ల పేజీలో రాశారు. "కథలో ఆమె పడిన బాధంతా మీ వేలి కింద తిరుగుతుంది" అన్నట్టు చెప్పుకున్నారు. కాజీపేటలో ఉండే మా మిత్రుడైతే ఆ రాత్రే ఫోన్ చేసి, "భాయ్, ఇది మనం వదిలేస్తే మళ్లీ దొరకదు" అన్నాడు. 2024 జూన్‌లో తలా 3,200 వేసుకున్నాం. స్టార్టర్ సెట్ (ఆట మొదలుపెట్టే పెట్టె) 4,400 చొప్పున రెండు, బూస్టర్ ప్యాకెట్ (లోపల ఏ బొమ్మలున్నాయో ముందు తెలియని అదనపు ప్యాకెట్) 600 చొప్పున పన్నెండు. సంక్రాంతికి చేతికొస్తుందన్నారు.

ఇక్కడే మా మొదటి తప్పు. పేజీ మీద "కిక్‌స్టార్టర్ పద్ధతి" అని రాసుకున్నారు, మేమూ అదే అనుకున్నాం. కిక్‌స్టార్టర్ అంటే కొత్త ప్రాజెక్టులకు జనం నుంచి ముందే డబ్బు సేకరించే వెబ్‌సైట్. అందులో పెట్టుకున్న లక్ష్యం అందకపోతే మన కార్డు నుంచి పైసా కూడా పోదు. అంతా చేరితేనే డబ్బు కట్ అవుతుంది. (అక్కడ కూడా ఆలస్యాలు, ఆగిపోయిన ప్రాజెక్టులు ఉంటాయి. అది కొట్టు కాదని వాళ్లే చెబుతారు.) ఇక్కడ లక్ష్యం లేదు, గడువు లేదు, లెక్క లేదు. ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐ ఐడీకి నేరుగా పంపమన్నారు. సంస్థ పేరు ఒకటి, డబ్బు పడిన ఖాతా పేరు ఇంకొకటి. ఆ రోజు మా ఐదుగురిలో ఒక్కరం కూడా దాన్ని పట్టించుకోలేదు.

సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. అడిగినప్పుడల్లా కంప్యూటర్‌లో గీసిన ఒక కొత్త బొమ్మ ఫోటో పంపేవాళ్లు. ఎంత అందంగా ఉండేదంటే, అడగాలనుకున్న మాట మర్చిపోయేవాళ్లం. ఎవరైనా ఇలాంటిది బుక్ చేసేముందు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్‌లో చెక్కిన బొమ్మకు బరువు లేదు. జుట్టు వెంట్రుకంత సన్నగా ఉండొచ్చు, విల్లు తీగంత ఉండొచ్చు, దుప్పటా గాల్లో తేలొచ్చు. మూడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలోకి వచ్చేసరికి విల్లును లావు చేయాలి, దుప్పటాను ఎక్కడో ఒంటికి ఆనించాలి, అచ్చులోంచి ఊడి వచ్చేలా భంగిమ మార్చాలి. కాబట్టి రెండర్‌కూ, అంటే ఆ కంప్యూటర్ చిత్రానికీ, చేతికొచ్చే బొమ్మకూ తేడా ఉండి తీరుతుంది. ఆ తేడాను చూపించే ఫోటో, అంటే రంగు వేయని, అచ్చులోంచి తీసిన బొమ్మను ఎవరి అరచేతిలోనైనా పెట్టి తీసిన ఫోటో, వాళ్లు మాకు ఒక్కసారి కూడా పంపలేదు. అడిగితే "సర్‌ప్రైజ్ పోతుంది సార్" అన్నారు.

2025 ఆగస్టులో పెట్టె వచ్చింది. ఆదివారం మా ఇంట్లోనే అందరం కూర్చుని తెరిచాం. అదృష్టం కొద్దీ మా మేనల్లుడు మొదటి నుంచీ వీడియో తీశాడు. ఇవాళ మా దగ్గరున్న పెద్ద సాక్ష్యం అదే.

ముందు డయల్ చూశాను. నాయిక బేస్ పట్టుకుని ఒక క్లిక్ తిప్పాను. గట్టిగా ఉంది, కదల్లేదు. బలంగా తిప్పితే కదిలింది, కానీ కిటికీలో అంకెలు సగం సగం కనబడ్డాయి. సరే, తయారీ లోపం అనుకుందాం. తర్వాత కాపలా భటుడి డయల్ తిప్పాను, తర్వాత మంత్రగాడిది. మా కాజీపేట మిత్రుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కో క్లిక్ తిప్పుతూ చూశాడు. "ఏందన్నా ఇది, అందరిదీ ఒక్క తీరే ఉన్నది" అన్నాడు. అవును. నాయిక, భటుడు, మంత్రగాడు, అందరికీ అవే అంకెలు, అదే వరుస. మొత్తం 32 బొమ్మల డయళ్లూ తిప్పి చూశాం. ఒకే కాగితం 32 సార్లు ప్రింట్ తీసి కత్తిరించి అంటించారు. దెబ్బ తినేకొద్దీ అందరూ ఒకేలా బలహీనపడి చచ్చిపోతారు. ఏ కోపం కోసం మేము ఆ కథను పదిసార్లు చదివామో, ఆ కోపం ఆ చక్రం మీద లేదు. నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగింది అక్కడే. ఆ కామిక్‌ను వాళ్లు చదవలేదు. చదివినవాడు ఆమెకూ ఒక భటుడికీ ఒకే చక్రం పెట్టడు.

పేజీలో మొత్తం 27 పాత్రలు అన్నారు. మాకు వచ్చినవి తొమ్మిది. బూస్టర్లలోని 24 బొమ్మల్లో పదకొండు ఒకే భటుడు. మూసి ఉన్న ప్యాకెట్ కొన్నప్పుడు అదే బొమ్మ రెండోసారి రావడం మామూలే, సేకరణ గేముల్లో అది తెలిసే కొంటాం. కానీ ఏ బొమ్మ మామూలుది, ఏది అరుదు, ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుంది అన్నది పెట్టె మీదో పేజీలోనో రాసి ఉండాలి. ఇందులో ఎక్కడా లేదు. రెండు ప్యాకెట్ల అంచులు మళ్లీ అతికించినట్టు అలలు తేలి ఉన్నాయి. లోపలివి తీసి మార్చారని నేను రుజువు చేయలేను, కానీ ఫోటోలు తీసి పెట్టాను.

ఇక బొమ్మల సంగతి. ఫ్యాక్టరీలో స్టీలు అచ్చుతో తీసిన ప్లాస్టిక్ బొమ్మలని చెప్పారు. మా గుంపులో ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకన్న ఉన్నాడు. అక్కడి డోక్రా పని, అదే 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన ఇత్తడి పోత, చిన్నప్పటి నుంచీ చూసినవాడు. ఆయన భూతద్దం పెట్టి రెండు భటుల బొమ్మలు చూసి, "రెండిటికీ గదవ కింద అదే జాగల అదే గుంట ఉంది, చూడు" అన్నాడు. మైనంతో చేసే డోక్రాలో ఒక్కో బొమ్మకు ఒక్కో అచ్చు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఇక్కడ పదకొండింటికీ అదే గుంట ఉందంటే, ఆ గుంట మొదటి బొమ్మలోనే ఉందన్నమాట. దాన్ని సరిచేయకుండా మెత్తటి సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, పోశాక గట్టిపడే రెసిన్ ద్రవం పోశారు. దుప్పటా మీద పక్కనుంచి టార్చి వేస్తే సన్నటి మెట్లు మెట్లుగా గీతలు కనబడ్డాయి. అవి త్రీడీ ప్రింటర్ గీతలు. అంటే మొదటి బొమ్మ ప్రింటర్‌లో తీసింది. రెసిన్ బొమ్మలు చెడ్డవని నేను అనను, మంచి రెసిన్ పనిలో వివరం ప్లాస్టిక్ కంటే బాగుంటుంది. కానీ అది పెళుసు. ఆటలో చేతులు మారే బొమ్మకు పనికిరాదు. మొదటి గంటలోనే మూడు కత్తులు, ఒక విల్లు విరిగాయి.

ఇంకో సంగతి, ఇది ఇంట్లో పిల్లలున్నవాళ్లకు ముఖ్యం. నాలుగు బొమ్మలు పట్టుకుంటే జిగటగా ఉన్నాయి, ఘాటు వాసన. రెసిన్ సరిగ్గా కలవకపోయినా, పూర్తిగా గట్టిపడకపోయినా అలా ఉంటుంది. మా మేనల్లుడు సాయంత్రానికి "మామా, వేళ్లు దురద పెడుతున్నయి" అన్నాడు. ఎర్రగా అయ్యాయి, రెండు రోజులకు తగ్గింది. జిగట బొమ్మ వస్తే పిల్లల చేతికి ఇవ్వకండి. అరగదీయాల్సి వస్తే నీళ్లలో తడుపుతూ, ముక్కుకు మాస్క్ కట్టుకుని చేయండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సంస్థకు ఫోన్ చేస్తే మొదట "కలెక్టర్ ఎడిషన్ అంతే ఉంటది సార్" అన్నారు. తర్వాత ఎత్తడం మానేశారు. అప్పుడు నేను చేయాల్సిన పని ఒక సంవత్సరం ఆలస్యంగా చేశాను. కామిక్ ప్రచురణ సంస్థకే మెయిల్ రాశాను. ఆరు రోజుల్లో జవాబొచ్చింది: బొమ్మల హక్కులు తాము ఎవరికీ ఇవ్వలేదని. నిజమైన లైసెన్స్ ఉన్న గేమ్ పెట్టె మీద ఆ కథ హక్కులు ఎవరివో, ఎవరి అనుమతితో చేశారో ఒక వరుస ఉంటుంది. మా పెట్టె నాలుగు వైపులా వెతికాం, లేదు. బుక్ చేసేముందు ఆ ఒక్క మెయిల్ పంపి ఉంటే 16,000 మిగిలేవి. మీరు పంపండి. పది నిమిషాల పని.

నియమాల పుస్తకం కూడా ముందే అడగండి. మంచి కంపెనీలు గేమ్ అమ్మకముందే నియమాలు ఉచితంగా చదవనిస్తాయి, ఎవరో ఒకరు ఆడి చూపిస్తారు. మాకు వచ్చింది నాలుగు పేజీలు. అందులో డయల్ ఎప్పుడు తిప్పాలో కూడా లేదు.

డబ్బు విషయంలో, కుదిరితే క్రెడిట్ కార్డు మీద కట్టండి. సరుకు చెప్పినట్టు రాకపోతే బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం, వేసే దారైనా ఉంటుంది. యూపీఐలో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

ఇప్పటికే కట్టి మోసపోయినవాళ్లు ఊరుకోకండి. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. వాళ్ల దగ్గర తేలకపోతే జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్‌కో బెంగళూరుకో తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. మేము కాగితాలన్నీ సర్దుకుని లాయర్ లేకుండానే వేశాం: డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, వాళ్ల పేజీలోని మాటల ఫోటోలు, పెట్టె తెరిచిన వీడియో, ప్రచురణ సంస్థ మెయిల్. వాళ్ల పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మేము నోటీసు పంపిన మూడో రోజే "స్టీలు అచ్చు" అన్న మాట అక్కడ మాయమైంది.

విరిగిన విల్లుతో సహా మొత్తం 32 బొమ్మలను వాటి ప్యాకెట్లతోనే అట్టపెట్టెలో పెట్టి ఉంచాను. మీరూ పారేయకండి, రంగు వేయకండి, విరిగినవి అతికించకండి. రెండో విడత కట్టబోతున్నవాళ్లు ఎవరైనా వచ్చి చూడాలంటే ఆదివారం సాయంత్రం మేము ఆడేచోటికి రండి. ఆ డయళ్లు మీరే తిప్పి చూసుకోండి.