ఆ ఆస్ట్రానమీ క్లాక్ కొనకండి, నా 1,499 పోయింది చాలు

ఎవరి సాఫ్ట్‌వేరో పేరు చెప్పక్కర్లేదు. టెలిస్కోప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ నల్ల స్క్రీన్, ఎర్ర అంకెల ఫోటో రోజూ వస్తూనే ఉంటుంది. "మీ డెస్క్‌టాప్ మీద అబ్జర్వేటరీ గడియారం" అట. పండగ ఆఫర్ అనగానే యూపీఐ కొట్టేశాను. ట్రయల్ ఉందా అని అడిగే బుద్ధి కూడా లేకపోయింది.

అందులో నాలుగు టైములు కనిపిస్తాయి. మన టైమ్ ల్యాప్‌టాప్ మూలలో ఎలాగూ ఉంటుంది. యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం కావాలంటే అందులోంచి అయిదున్నర గంటలు తీసేస్తే సరి. రోజుల్ని వరసగా లెక్కపెట్టే జూలియన్ తేదీతో నాకు ఏడాదికోసారి కూడా పని పడదు. నేను డబ్బు పెట్టింది నాలుగోదాని కోసం, లోకల్ సైడీరియల్ టైమ్ కోసం, అంటే మన ఊరి ఆకాశంలో నక్షత్రాల కదలికని బట్టి నడిచే టైమ్. సెట్టింగ్ సర్కిల్స్‌తో, అంటే టెలిస్కోప్ స్టాండ్ (మౌంట్) మీద అంకెలుండే చక్రాలు తిప్పి వెతికేవాళ్ళకి అది ఎంత ముఖ్యమో తెలుసు కదా.

మొన్న శనివారం వికారాబాద్ దగ్గర స్నేహితుడి తోటకి వెళ్ళాం. మౌంట్ ధ్రువనక్షత్రానికి సరిచేసి, క్లాక్ చూసి, సర్కిల్ తిప్పి మసక మబ్బులా కనిపించే క్రాబ్ నెబ్యులా మీద పెట్టాను. ఖాళీ. మళ్ళీ పెట్టాను. ఖాళీ. మా అమ్మాయి దుప్పటి కప్పుకుని "నాన్నా, దొరికిందా?" అని పదిసార్లు అడిగి, కార్లోకెళ్ళి పడుకుంది. తెలిసిన నక్షత్రం మీద సర్కిల్ సరిచూసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. గడియారం కొన్నాను కదా, ఇంక ఆ చాదస్తం ఎందుకనుకున్నాను. నా ఖర్మ.

ఇంటికొచ్చాక, కంప్యూటర్‌లో ఆకాశాన్ని చూపించే స్టెలేరియం అనే సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి చూస్తే తేడా 18 నిమిషాలు! అంటే ఆకాశంలో నాలుగు డిగ్రీల పైమాటే. ఎనిమిది నిండు చందమామల్ని వరసగా పేర్చినంత దూరం పడమరకి పోయి నేను శూన్యాన్ని చూస్తూ కూర్చున్నానన్నమాట. సెట్టింగ్స్‌లో లాంగిట్యూడ్ (రేఖాంశం) 78 అనే ఉంది. అనుమానం వచ్చి దాన్ని 0 చేశాను. ఎర్ర అంకెలు తమ మానాన తాము నడుస్తున్నాయి. 100 చేశాను. సేవ్ నొక్కితే "లొకేషన్ అప్‌డేటెడ్" అని పచ్చ టిక్కు కూడా వచ్చింది. టైమ్ ఒక్క సెకను కదల్లేదు. ఆ పెట్టె ఉత్త దిష్టిబొమ్మ! లోపల లెక్కంతా దేశమంతటి గడియారాలకీ ఆధారమైన మన ఐఎస్‌టీ రేఖ 82.5 డిగ్రీలతోనే. ఆ రేఖ కాకినాడ దగ్గర పోతుంది కాబట్టి, కాకినాడ వాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

సరే, తప్పు ఎవరికైనా దొర్లుతుంది. స్క్రీన్‌షాట్లు పెట్టి మర్యాదగానే అడిగాను. వచ్చిన సమాధానం యథాతథంగా: "సార్, ఇండియా మొత్తానికి టైమ్ ఒక్కటే. మీ ఒక్కరి కోసం వేరే టైమ్ పెట్టలేం. ముందు టెలిస్కోప్ వాడటం నేర్చుకోండి." చివర ఒక నవ్వు బొమ్మ.

సైడీరియల్ టైమ్ అమ్ముకునే మనిషి అన్న మాట ఇది! ఊరు మారితే మారుతుంది కాబట్టే దాన్ని లోకల్ అంటారు బాబూ. పన్నెండేళ్ళుగా ఆకాశం చూస్తున్నవాడిని, నాకు నేర్చుకోమని చెప్పాడు. డిగ్రీకి నాలుగు నిమిషాలని లెక్క కట్టి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. అదే లెక్క టెలిస్కోప్ గ్రూపులో పెడితే అయిదు నిమిషాల్లో నన్ను తీసేశారు. ఆ గ్రూపు అడ్మిన్ ఎవరో మీకు తెలుసుగా. రిఫండ్ అన్న మాట మళ్ళీ ఎత్తే అవకాశం కూడా లేకుండా పోయింది.

ఇంకా కడుపు మండే విషయం ఏమిటంటే, స్టెలేరియంలో ఏ నక్షత్రం మీద క్లిక్ చేసినా సైడీరియల్ టైమ్ పక్కనే కనిపిస్తుంది. ఉచితంగా. అది నా ల్యాప్‌టాప్‌లో ఏళ్ళ తరబడి ఉంది.

ఇలాంటిది ఏది కొన్నా ముందు ట్రయల్ అడగండి. లాంగిట్యూడ్ ఒక డిగ్రీ మార్చి, టైమ్ నాలుగు నిమిషాలు జరిగిందో లేదో చూడండి. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే మీ ఊరు, మీకొచ్చిన తేడా కింద రాయండి. నా దగ్గర స్క్రీన్ రికార్డింగ్ ఉంది, అడిగితే పంపుతాను.