లువార్ ఏటిగట్టు మీద సైకిల్ ప్రయాణం: బ్లువా నుంచి ఆంజే దాకా

ఫ్రాన్స్ అనగానే పారిస్‌లో మూడు రోజులు తిరిగి, ఆ వెంటనే స్విట్జర్లాండ్ రైలెక్కేస్తాం మనలో చాలామందిమి. అలాంటివాళ్లకి ఇంకో దారి కూడా ఉందని చెప్పాలని ఇది రాస్తున్నాను. పారిస్ నుంచి రైల్లో గంటన్నర పైచిలుకు పోతే బ్లువా అనే ఊరు వస్తుంది. ఊరి కింద లువార్ నది. ఆ నది పక్కనే సైకిళ్ల కోసం గుర్తులు పెట్టిన దారి దాదాపు 900 కిలోమీటర్లు సాగి అట్లాంటిక్ సముద్రం దాకా వెళ్తుంది. దాని పేరు ‘లువార్ ఆ వేలో’. అంతా తొక్కాలని ఏమీ లేదు. నేనూ మా ఆవిడా మధ్య ముక్క తొక్కాం, బ్లువా నుంచి ఆంజే దాకా, జూన్ నెలలో. ఇద్దరం నలభై దాటినవాళ్లం, రోజూ సైకిల్ తొక్కే అలవాటున్నవాళ్లం కూడా కాదు. అయినా ఎక్కడా టెన్షన్ పడలేదు. దారి దాదాపు అంతా చదునే.

ఈ దారి గురించి ఎవర్ని అడిగినా షాటోల పేర్లే చెప్తారు. రాజులూ రాణులూ కట్టించుకున్న ఆ మహళ్లు ఇక్కడ అడుగడుగునా ఉన్నాయి కాబట్టి అదీ సహజమే. కానీ వెళ్లొచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. షాటోలు రెండు చాలు. మిగతా టైమంతా వాటి మధ్య ఉన్న చిన్న ఊళ్లకి ఇవ్వాలి. అందులోనూ విలాండ్రీ నుంచి సోమ్యూర్ దాకా ఉన్న ముక్కకి ఎంత ఇస్తే అంత మంచిది.

సైకిళ్లు బ్లువాలో అద్దెకు తీసుకున్నాం. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగించే ఏర్పాటు ఈ దారిలో బాగా నడుస్తోంది. మామూలు సైకిల్‌కి రోజుకి ఇరవై యూరోలు అటూఇటూ అవుతుంది, ఎక్కువ రోజులకైతే తగ్గిస్తారు. కరెంటు సైకిల్ కావాలంటే దాదాపు రెట్టింపు. తాళం, హెల్మెట్, పంక్చర్ సామాను, వెనక చక్రానికి అటూఇటూ తగిలించే సంచులు అడిగి తీసుకోండి. కొట్టు ముందే నాలుగు చుట్లు తొక్కి చూసుకోవడం మంచిది. మా ఆవిడ సైకిల్ వెనక బ్రేకు కీచుమంటోందంటే అక్కడికక్కడే సరిచేసి ఇచ్చారు. కరెంటు సైకిల్ అవసరమా అంటే, మోకాళ్ల నొప్పులు లేకపోతే అవసరం లేదు. ఇక్కడ కష్టపెట్టేది ఎత్తు కాదు, గాలి. ఎక్కువగా పడమటి నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వీస్తుంది. దిగువకి తొక్కేవాళ్లకి అది ఎదురుగాలి. మధ్యాహ్నం తర్వాత పెరుగుతోందని గమనించి పొద్దున్నే బయల్దేరేవాళ్లం.

షాంబోర్ చూడాల్సిందే. 1519లో మొదటి ఫ్రాన్స్వా రాజు మొదలుపెట్టిన షాటో అది. నాలుగు వందలకు పైగా గదులు, చుట్టూ అడవి, ఆ అడవి చుట్టూ 32 కిలోమీటర్ల గోడ. అంతా కట్టించి ఆ రాజు తన పాలన మొత్తంలో అక్కడ గడిపింది రెండు నెలల పైచిలుకే. లోపల రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. నేనొక వరసలో, మా ఆవిడ ఇంకో వరసలో ఎక్కాం. మధ్యలో కిటికీల్లోంచి ఒకరికొకరం కనిపిస్తూనే ఉన్నాం గానీ పైకెళ్లేదాకా ఎక్కడా కలవలేదు. దానికోసం, పైన మేడ మీది గోపురాల మధ్య నడవడం కోసం టికెట్ కొనొచ్చు. కింది గదులు మాత్రం చాలావరకు ఖాళీగా ఉంటాయి. పది దాటితే బస్సులు దిగుతాయి, కాబట్టి తలుపులు తీసే వేళకి అక్కడ ఉండాలి.

రెండోది షెనోన్సో. ఇది లువార్ మీద లేదు, షేర్ అనే ఉపనది మీద ఉంది. ఆంబువాజ్ నుంచి పక్కకి పదిహేను కిలోమీటర్ల లోపే, మధ్యలో కొంచెం ఎత్తు ఎక్కాలి. నది మీద వంతెన కట్టి, ఆ వంతెన మీదే పొడవాటి హాలు కట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ నదే సరిహద్దు. ఇటు జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్, అటు వాళ్లు అప్పటికింకా ఆక్రమించని ఫ్రాన్స్. ఆ హాలు దక్షిణపు తలుపు తీస్తే అవతలి గట్టు. ఆ తలుపు దగ్గర నిలబడినప్పుడు, ఇటునుంచి అటు దాటి ప్రాణం కాపాడుకున్నవాళ్లే కళ్లముందు మెదిలారు. రాణుల పడకగదులేవీ నాకు గుర్తు లేవు.

ఆంబువాజ్‌లో లియోనార్డో డావిన్చీ చివరి మూడేళ్లూ ఉండి 1519లో చనిపోయిన ఇల్లు ఉంది. పిల్లలతో వెళ్తే ఆయన యంత్రాల నమూనాలు వాళ్లకి నచ్చుతాయి. మేం గంటలో ముగించాం.

తూర్ పెద్ద ఊరు. రాత్రి అక్కడ ఒక హోటల్లో దిగాం. బుకింగ్‌లో ‘సైకిళ్లకు భద్రమైన గది’ అని రాసుకున్నారు. తీరా చూస్తే చెత్త డబ్బాల పక్కన, వీధి వైపు తెరిచి ఉన్న పెరట్లో ఒక ఇనప కడ్డీ చూపించారు. రాత్రంతా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇక్కడే ఒక పనికొచ్చే సంగతి చెప్పాలి. ఫ్రాన్స్‌లో ‘అకేయ్ వేలో’ అనే గుర్తింపు ఉంది. ఆకుపచ్చ బోర్డు మీద సైకిల్ బొమ్మ ఉంటుంది. అది దొరకాలంటే ఆ బస సైకిల్ దారికి ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలి, సైకిళ్లు పెట్టుకోవడానికి భద్రమైన చోటు ఉండాలి, రిపేరు సామాను ఉండాలి. ఆ తర్వాత మేం ఆ బోర్డు ఉన్నచోటే దిగాం. ఎక్కడా ఇబ్బంది పడలేదు.

విలాండ్రీ షాటోలో తోటలకి మాత్రమే విడిగా టికెట్ ఇస్తారు. అది తీసుకోండి, లోపలి గదులు వదిలేసినా నష్టం లేదు. మా ఆవిడకి ఆ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చింది అక్కడి కూరగాయల మడులే. క్యాబేజీ, బీట్‌రూట్, ఉల్లి, అన్నీ రంగుల లెక్కన చదరాలుగా నాటారు. ప్రతి మడి చుట్టూ అడుగు ఎత్తు పొద కంచె. ఏడాదికి రెండుసార్లు పంట మార్చి కొత్త ముగ్గు వేస్తారట.

అక్కడి నుంచి దారి గట్టెక్కుతుంది. ఒక పక్క నది, రెండో పక్క పొలాలూ ఊళ్లూ వరద మట్టం కన్నా కిందికి. మధ్యలో గట్టు మీద సన్నటి తారు రోడ్డు, పావుగంటకో కారు. మా ఆవిడది కోనసీమ. సైకిల్ ఆపి ‘ఏమండీ, ఇది అచ్చం మా ఏటిగట్టే కదా!’ అంది. నిజమే, నదిలో లంకలూ ఇసుక తిన్నెలూ కూడా అలాగే ఉన్నాయి. ఇక్కడ గట్లు వేయడం 12వ శతాబ్దం నుంచీ ఉంది. అయినా 1846లో, 1856లో, 1866లో, ఇరవై ఏళ్లలో మూడుసార్లు, నది గట్లు తెంచుకుని ఊళ్లని ముంచేసింది. మన దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే రెండుచోట్లా జనం దాదాపు ఒకే కాలంలో నదితో పెనుగులాడారు. లువార్ ఎగువన ఇంకో పెద్ద డ్యామ్ కట్టాలనుకుంటే జనం ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు, 1994లో ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది. అందుకే తిన్నెలు ఇంకా ఏటేటా కదులుతున్నాయి. ఎండాకాలంలో వాటి మీద పక్షులు గుడ్లు పెడతాయి కాబట్టి అడుగుపెట్టొద్దని బోర్డులుంటాయి. నీళ్లు మోకాలి లోతే కనిపించినా దిగకండి. కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, ప్రమాదం.

బ్రెయెమోన్ అనే ఊళ్లో ఆగాం. ఒకప్పుడు నార కోసం హెంప్ మొక్క పండించి, ఇక్కడి రేవు నుంచి పడవల్లో పంపేవారట. మేం దిగింది ఒక షాంబ్ర్ దోత్‌లో, అంటే ఇంటివాళ్లే తమ ఇంట్లో ఇచ్చే గదుల్లో. చట్టం ప్రకారం ఇలాంటి ఇంట్లో ఐదు గదులు దాటకూడదు. అందుకే హోటల్ హడావుడి ఉండదు. ఇద్దరికీ తొంభై యూరోలు, పొద్దుటి టిఫిన్ అందులోనే. ముందు రోజే చెప్తే రాత్రి భోజనం కూడా పెడతారు, అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మాంసం, చేప, రెండూ తినం అని మెసేజ్ పెట్టాం. ఇంటావిడ బఠాణీలూ బంగాళాదుంపలూ వెన్నలో వండి, పక్కన ఇక్కడి మేకపాల చీజ్ పెట్టింది. పేరు సాన్త్ మోర్. బూడిద పూసిన పొడుగాటి కడ్డీలా ఉంటుంది, నడిమధ్యన నిలువునా ఒక గడ్డిపరక. ఆవిడ ఆ పరక మెల్లగా లాగి మా చేతికిచ్చింది. దాని మీద సన్నటి అక్షరాలతో చీజ్ పేరు, తయారుచేసినవాళ్ల నంబరు చెక్కి ఉన్నాయి. అసలుదని గుర్తుపట్టేది దాన్ని చూసేనట. చీజ్ కొంచెం పుల్లగా, గడ్డపెరుగు రుచి. రొట్టెతో కన్నా బంగాళాదుంపతోనే నాకు బాగుంది.

మర్నాడు కాండ్ సాన్ మార్తాన్. వియెన్ నది వచ్చి లువార్‌లో కలిసేది ఇక్కడే. మొత్తం దారిలో ఒక్కచోటే ఆగే టైముందంటే ఇక్కడ ఆగండి. చర్చి వెనక నుంచి కొండ మీదికి చిన్న కాలిబాట ఉంది. పైకెళ్తే రెండు నదులు రెండు రంగుల్లో వచ్చి కలవడం కనిపిస్తుంది. కింద నది వైపు దిగే సందులో ఒక ఇంటి గోడ మీద వరద గుర్తులు చెక్కి ఉన్నాయి. 1856 గీత నా తల కన్నా పైన ఉంది. ఆ గోడ ఇక్కడి తెల్లటి తుఫో రాయితో కట్టింది. వేలితో రాస్తే పొడి అంటుకుంటుంది, అంత మెత్తన. ఈ చుట్టుపక్కల ఇళ్లూ చర్చిలూ షాటోలూ అన్నీ ఆ రాయే.

రాయి తవ్వగా మిగిలిన గుహల్లోనే ఇక్కడ జనం కాపురాలున్నారు, వైన్ నిల్వ చేశారు, పుట్టగొడుగులు పెంచారు. మోన్సోరో దాటాక తుర్కాన్, సుజే ఊళ్లలో కొండకి తలుపులూ కిటికీలూ పెట్టిన ఇళ్లు చూస్తాం. సుజేలో సైకిల్ దారే గుహల్లోంచి పోతుంది. బయట మంట పుట్టే ఎండ, లోపల చల్లటి చీకటి. అక్కడ దిగి నడిపించుకుంటూ వెళ్లాం. ఇలాంటి ఒక గుహలోనే మధ్యాహ్నం ఫుయే తిన్నాం. కట్టెల పొయ్యిలో పిండి ముద్ద వేస్తే రెండు నిమిషాల్లో బుస్సున పొంగుతుంది, వేడివేడిగా చీల్చి లోపల తెల్ల బీన్స్, చీజ్ పెట్టుకుని తినాలి. మాంసం లేకుండా కడుపు నిండే తిండి ఈ దేశంలో ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకలేదు మాకు.

ఫోంతెవ్రో మఠం దారికి నాలుగైదు కిలోమీటర్లు పక్కన. ఇంగ్లండ్ రాజు సింహహృదయ రిచర్డ్ సమాధి బొమ్మ అక్కడుంది. ఆ మఠాన్ని నెపోలియన్ జైలు చేస్తే 1963 దాకా జైలుగానే ఉంది. చరిత్ర ఇష్టమైతే వెళ్లండి. మునిసిపల్ క్యాంపింగ్ లాంటి చోట్లు చవక. టెంట్ మోసుకెళ్లే ఓపికుంటే ఇద్దరికీ ఇరవై యూరోల్లో రాత్రి గడుస్తుంది. వర్షం పడితే మాత్రం షాంబ్ర్ దోతే నయం.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం అసలు తియ్యరు చాలాచోట్ల. రెస్టారెంట్లో రెండు దాటితే వంటగది మూసేస్తారు, రాత్రి ఏడుకి ముందు తెరవరు. పొద్దున్నే రొట్టె, చీజ్, పళ్లు కొని సంచిలో పెట్టుకోవాలి. కొట్లోకి అడుగుపెట్టగానే ముందు ‘బోంజూర్’ అనాలి, ఆ మాట లేకుండా అడిగితే మొహం మారిపోతుంది. తాగే నీళ్ల కొళాయి చాలా ఊళ్లలో శ్మశానం గేటు దగ్గరే ఉంటుంది. మనకి కొంచెం ఎలాగో అనిపించినా అక్కడ సైకిలిస్టులందరూ నింపుకునేది అక్కడే. ‘నోన్ పొటాబ్ల్’ అని బోర్డుంటే మాత్రం ఆ నీళ్లు తాగకూడదు.

ఒక నచ్చని సంగతి కూడా ఉంది. ఈ నది మీద నాలుగు అణువిద్యుత్ కేంద్రాలున్నాయి. మేం ఎంచుకున్న ముక్కలో షినోన్ దగ్గరిది గట్టు నుంచి చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. పచ్చటి పొలాల వెనక ఆవిరి మబ్బులు. కొందరికి ఇబ్బందే.

ఆంజేలో సైకిళ్లు అప్పగించేసి రైలెక్కాం. సొంత సైకిల్‌తో వెళ్లేవాళ్లు ప్రాంతీయ రైళ్లనే నమ్ముకోండి. వేసవిలో ఓర్లెయాన్ నుంచి సముద్రం వైపు పోయే కొన్ని రైళ్లలో సైకిళ్లకి ప్రత్యేకంగా పెట్టె తగిలిస్తారు. సెలవుల్లో అదీ నిండిపోతుంది కాబట్టి ముందే చూసుకోవాలి. ఆంజే నుంచి నాంత్ మీదుగా సముద్రం దాకా ఉన్న ముక్క మాకింకా మిగిలిపోయింది. ఈసారి సముద్రం ఒడ్డునున్న సాన్ బ్రెవాన్ దాకా రైల్లోనూ బస్సులోనూ పోయి, అక్కడే సైకిళ్లు తీసుకుని, ఎగువకి తొక్కుకుంటూ వద్దామని అనుకుంటున్నాం. అప్పుడు గాలి వీపు మీద ఉంటుంది.